పాచి లేని శనివారం

ఆ పళ్ళ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. డాక్టరమ్మ మొదలుకొని వచ్చేపోయే రోగుల దాకా అందరికీ ఆవిడ చేపలమ్మ. చేపలు అమ్మే మనిషనుకొని కొత్తవాళ్ళెవరో ఒకరిద్దరు బేరం కూడా అడిగారు.

మందుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉండేది ఆసుపత్రి. పళ్ళు చూసే కుర్చీలు రెండు, బయట గదిలో గోడ వారగా ఇనుప కుర్చీలు పన్నెండు, అద్దాల బీరువాలో సుద్దతో చేసిన దవడల అచ్చులు. పద్నాలుగేళ్ళ కిందట ఆవిడ అక్కడ అటెండరుగా చేరింది. గదులు తుడవడం, పనిముట్లను ఆవిరి యంత్రంలో పెట్టి తీయడం, ఉమ్మే గిన్నె కడగడం, సూది చూసి బిగుసుకుపోయేవాళ్ళ చెయ్యి పట్టుకొని నిలబడడం ఆవిడ పనులు. చేరిన రెండో నెలలో డాక్టరమ్మ మూడడుగుల చేపల తొట్టి ఒకటి తెప్పించి బయట గదిలో పెట్టించింది. లోపల డ్రిల్లు గుయ్యిమంటుంటే బయట కూర్చున్నవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోతాయి కదా, కళ్ళకైనా కాస్త కాలక్షేపం ఉండాలని. మేత ఎవరు వెయ్యాలి, నీళ్ళు ఎవరు మార్చాలి అన్న మాట ఎవరూ ఎత్తలేదు. మొదటి రోజు ఆవిడే చిటికెడు మేత వేసింది. రెండో రోజూ వేసింది. అంతే, తొట్టి ఆవిడదైపోయింది.

ఇంట్లో ఆవిడ చేసే పని ఏదీ మర్నాటికి నిలిచేది కాదు. వండింది తినేస్తారు, ఉతికింది మాసిపోతుంది. భర్త బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి. మంచివాడే, కానీ కూర బాగుందని చెప్పడానికి బదులు ఇంకొంచెం వెయ్యమనే రకం. ఆసుపత్రిలో అలా కాదు. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ తొట్టి ముందు ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణాలన్నీ తన ఖాతాలోవే అని ఆవిడ నమ్మకం.

శనివారం మధ్యాహ్నం తొట్టి కడిగే రోజు. వారం తిరిగేసరికి అద్దాల మీద పచ్చటి పాచి పేరుకునేది. నమూనా కింద కంపెనీలు ఇచ్చి వెళ్ళే టూత్ బ్రష్షు ఒకటి తీసుకొని, చీర కొంగు బిగించి, మోచేతి దాకా తొట్టిలో ముంచి ఆవిడ గీకుతూంటే కూర్చున్నవాళ్ళంతా అటే చూసేవారు. “పళ్ళ పాచి మేడమ్ గారిది, అద్దాల పాచి నాది” అని ప్రతి శనివారం ఒకే జోకు వేసేది. మత్తుసూదితో సగం మూతి మొద్దుబారినవాళ్ళు మిగతా సగంతో నవ్వేవారు. రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవాడు. కట్టుడు పళ్ళ సెట్టు చిగురుకి ఒరుసుకుంటోందని దాదాపు ప్రతి శనివారం వచ్చేవాడు. ఒరుసుకునే మాట నిజమో, ఇంట్లో పొద్దుపోని మాట నిజమో ఆయనకే తెలియాలి. తొట్టి పక్క కుర్చీలోనే కూర్చొని, ఆవిడ పని అయ్యేదాకా లోకం కబుర్లన్నీ చెప్పి, చివరికి అద్దం కేసి చూసి, “నీ చేతిలో ఏదో ఉందమ్మా” అనేవాడు. ఆ మాటతో ఆవిడ వారం గడిచిపోయేది.

ఇలా ఉండగా పాత రిసెప్షనిస్టు మానేసి కొత్తావిడ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. ఫోనులో మాట్లాడితే పక్కవాళ్ళకి వినబడనంత మెత్తటి గొంతు. వచ్చిన రోజు నుంచీ చేపలమ్మని “అక్కా” అని పిలిచేది. చేపలమ్మకీ నచ్చింది. తన టిఫిను డబ్బాలో కూర పంచేది, ఏ రోగి ఎలాంటివాడో చెప్పేది, “కౌంటరమ్మాయి బంగారం” అని భర్తతో కూడా అంది.

నెలన్నర తర్వాత ఒక సోమవారం కౌంటరమ్మాయి స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది. మూత తీస్తే నీళ్ళలో నాలుగు పచ్చటి ఉండలు. నిమ్మకాయంత ఉన్నాయి, చూస్తే ముఖమల్ బట్టతో కుట్టినట్టున్నాయి. నాచు బంతులట. ఇంట్లో తన చేపల తొట్టిలోవట. వాటిని తీసుకొని నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, తొట్టిలో వెయ్యమంటారా అని అడిగింది. డాక్టరమ్మ చేతికి గ్లవుజులు తొడుక్కుంటూ సరేనంది. కౌంటరమ్మాయి బయటికి వచ్చి, నాలుగింటినీ మెల్లగా నీళ్ళలోకి జారవిడిచింది. అవి కాసేపు తేలి, బుడగలు వదిలి, అడుగుకి దిగి కూర్చున్నాయి.

అడగాల్సింది ఎవర్ని? పద్నాలుగేళ్ళ తొట్టి అది. చేపలమ్మ చేతిలో చీపురు అలాగే ఉంది. “బాగున్నాయి కదక్కా” అని కౌంటరమ్మాయి అడిగితే, “ఆ, బాగానే ఉన్నాయి” అంది. ఆ “బాగానే”లో ఎంత ఉందో ఆ పిల్లకి తెలియలేదు.

మొదటి రెండు వారాలు తేడా కనబడలేదు. మూడో వారానికి పాచి పలచబడింది. ఆరో శనివారం చేపలమ్మ కొంగు బిగించి, బ్రష్షు పట్టుకొని, తొట్టి ముందు నిలబడితే గీకడానికి ఏమీ లేదు. అద్దం ఉందో లేదో వేలు పెట్టి చూసుకోవాల్సినంత శుభ్రంగా ఉంది. మూల ఎక్కడైనా ఉంటుందేమోనని వెతికింది. ఒక మూలలో గోరంత మరక కనబడితే దాన్ని పది నిమిషాలు తోమింది.

ఆ రోజే మాస్టారు ఆ పచ్చ ఉండల సంగతేమిటని అడిగాడు. కౌంటరమ్మాయి కౌంటరు దాటి వచ్చి వివరంగా చెప్పింది. చేపల మలం, తినగా మిగిలిన మేత నీళ్ళలో కుళ్ళి ఎరువవుతుంది, ఆ ఎరువు తినే పాచి పెరుగుతుంది. ఈ బంతులు ఆ ఎరువుని ముందే లాగేసుకుంటాయి, పాచికి పస్తు. పైగా నీళ్ళలో తేలే నలకలు వీటి నూగులో చిక్కుకుంటాయి. వేళ్ళుండవు, మట్టి అక్కర్లేదు, వెలుతురు కూడా తక్కువ చాలు, ఎక్కువైతే వాటికే చేటు. రెండు వారాలకోసారి తీసి, బకెట్లో తొట్టి నీళ్ళలోనే మెల్లగా పిండి, అరచేతుల్లో గుండ్రంగా తిప్పి వేస్తే ఏళ్ళ తరబడి బతుకుతాయి. వీటి కోసమే లైటు పొద్దున్నుంచి రాత్రి దాకా కాకుండా ఎనిమిది గంటలే వేస్తున్నామని, నీళ్ళు మార్చడం మాత్రం ఎప్పటికీ మానకూడదని కూడా చెప్పింది. ఆ చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ నీళ్ళు బకెట్లతో మోసి మారుస్తున్నది ఎవరో కూడా ఎవరికీ తట్టలేదు. మాస్టారు కట్టుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వి, “నీ చేతిలో ఏదో ఉందమ్మా” అన్నాడు. కౌంటరమ్మాయితో.

చేపలమ్మ బకెట్ తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. కడుపులో ఎవరో నిప్పుల కుంపటి పెట్టినట్టుంది.

అది మొదలు ఆ పిల్ల ఏం చేసినా తప్పే. మెత్తగా మాట్లాడితే నంగనాచి. నవ్వితే ఎవరి మెప్పుకో. రోజుకి ఎంతమంది ఆమెను పొగుడుతున్నారో చేపలమ్మ మనసులోనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు దాటిన రోజున అన్నం సయించేది కాదు. గప్పీ చేపలు పిల్లలు పెడితే ఇన్నేళ్ళుగా పెద్ద చేపలు పుట్టిన రోజే మింగేసేవి. ఈసారి పిల్లలు బంతుల మధ్య దూరి దాక్కున్నాయి. పదకొండు బతికాయి, కనుబొమ్మ వెంట్రుకలంత. చూడ్డానికి రోగులు వరస కట్టారు. డాక్టరమ్మ కూడా రెండు పళ్ళ మధ్య విరామంలో బయటికొచ్చి వంగి చూసి, కౌంటరమ్మాయి భుజం తట్టింది.

ఇంట్లో రోజూ ఇదే పాట. భర్త కొన్నాళ్ళు విన్నాడు. ఒకనాడు, “కొత్త నీరొస్తే పాత నీరు పోవడం నదుల్లో చూశాం. నీకు తొట్టిలోనే జరిగింది” అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాతి వారం డాక్టరమ్మ ఊరెళుతూ ఆదివారంతో పాటు సోమవారం కూడా సెలవు ప్రకటించింది. శనివారం సాయంత్రం తాళం వేసే పని చేపలమ్మది. అందరూ మెట్లు దిగి వెళ్ళాక, ఆవిడ తొట్టి దగ్గర నిలబడింది. లైటు మీట మీద చెయ్యి వేసింది, తీసేసింది. ఆర్పలేదు. మేత డబ్బా తీసి రోజూ వేసే చిటికెడుకి నాలుగు చిటికెళ్ళు ఎక్కువ వేసింది. ఆవిడకు కావలసిందల్లా అద్దం మీద కాస్త పాచి. మంగళవారం పొద్దున్న అందరూ వచ్చేసరికి పచ్చగా కనబడాలి, ‘చేపలమ్మా, నీ బ్రష్షు ఏదీ’ అని ఎవరో ఒకరు అడగాలి. అంతకు మించి ఆవిడ ఏమీ కోరలేదు.

మంగళవారం తాళం తీయగానే వాసన కొట్టింది. నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. నల్ల మోలీ చేప ఒకటి పక్కకి ఒరిగి పైన తేలుతోంది. దాన్ని ఆవిడ నల్లోడు అని పిలిచేది. మూడేళ్ళుగా ఆవిడ వేలు అద్దానికి ఆనిస్తే వెనకాలే వచ్చేవాడు. ఆవిడ మొట్టమొదట చేసిన పని నల్లోణ్ణి తీయడం కాదు. లైటు ఆర్పడం. ఆ సంగతి తర్వాత ఎన్ని రోజులో ఆవిణ్ణి పీడించింది.

కౌంటరమ్మాయి వచ్చి చూసి, సంచి కూడా దించకుండా అలాగే నిలబడిపోయింది. శుక్రవారం ఇంటి నుంచి ఇంకో బంతి తెచ్చి వేసింది తను. దాన్ని సరిగ్గా కడిగి వెయ్యలేదేమో, దానితో ఏదో తెగులు వచ్చి ఉంటుందని తనంతట తానే తేల్చేసుకుంది.

“నల్లోడంటే మీకెంత ఇష్టమో నాకు తెలుసక్కా. నా చేతులారా చంపాను.”

తేలు కుట్టిన దొంగలా ఉండిపోవాలి చేపలమ్మ. అలా ఉన్నా కొంత నయమే. ఆవిడ ఆ పిల్ల వీపు నిమిరి, “పోనీలే, చేపలన్నాక పోతుంటాయి, బాధపడకు” అంది. అనేటప్పుడు ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. తన తప్పుకి ఇంకొకరిని క్షమిస్తున్న పెద్దమనిషి హాయి అది. సగానికి పైగా నీళ్ళు మార్చి, నల్లోణ్ణి కిటికీలో పూలకుండీ మట్టిలో పూడ్చింది. మధ్యాహ్నం డాక్టరమ్మ విషయం విని, ఇక తొట్టిలో ప్రయోగాలు వద్దంది. అయిదు బంతులూ మళ్ళీ స్టీలు డబ్బాలోకి వెళ్ళిపోయాయి.

మూడు వారాల్లో పాచి తిరిగొచ్చింది. దానితో చేపలమ్మ శనివారాలూ తిరిగొచ్చాయి. కొంగు బిగించింది, బ్రష్షు పట్టింది, జోకు వేసింది. మాస్టారు తన పాత కుర్చీలోకి వచ్చి, “మళ్ళీ నీకే పడింది పని” అన్నాడు. కోరుకున్నదంతా పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు జరిగింది. కానీ నోట్లోకి వెళ్ళడం లేదు. దాక్కునే చోటు లేక గప్పీ పిల్లలు తగ్గిపోతున్నాయి. పదకొండు ఆరయ్యాయి. ఆరు రెండయ్యాయి. ఒకదాన్ని పెద్ద చేప గుటుక్కున మింగడం ఆవిడ కళ్ళారా చూసింది, బ్రష్షు పట్టుకొని.

అంతకన్నా కష్టమైన సంగతి ఇంకొకటి. పచ్చ బంతులేమయ్యాయని అడిగిన ప్రతి రోగికీ కౌంటరమ్మాయి ఒకటే చెప్పేది: “నా పొరపాటు వల్ల ఒక చేప పోయిందండీ. అందుకని తీసేశాం.” ఒక్క అక్షరం తగ్గించేది కాదు. ఎవరి మీదకీ తోసేది కాదు. రోజుకి మూడుసార్లో నాలుగుసార్లో ఆ మాట గదిలో వినబడేది, ఆ ప్రతిసారీ చేపలమ్మ ఉన్నచోటే భుజాలు తడుముకునేది. ఆ పిల్ల తొట్టి వైపు చూడడం మానేసింది. ముందు నుంచి నడవాల్సి వస్తే గోడ కేసి ముఖం తిప్పుకొని వెళ్ళేది. చిత్రమేమిటంటే, చేపలమ్మకి అప్పుడూ అసూయే. తప్పు చెయ్యకుండానే తప్పు ఒప్పుకోగలుగుతోంది ఇది, చేసిన నా నోరు పెగలదేం అని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భర్తకి చెప్పేసింది. ఆయన ఏదో ఒక వేళాకోళం ఆడతాడని ఎదురుచూసింది. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, “ఆ అమ్మాయి ఇల్లెక్కడ?” అని మాత్రం అడిగాడు. తిన్నాక చెయ్యి కడుక్కొని స్కూటరు బయటికి తీశాడు.

మూడో అంతస్తులో ఒక గదీ, వంటిల్లూ. కౌంటరమ్మాయి ఒక్కతే ఉంది. వాళ్ళాయన ప్రింటర్లు బాగుచేసే పని మీద బయటికెళ్ళాడట. కుట్టుమిషను మీద వెడల్పాటి గాజు గిన్నెలో అయిదు బంతులూ ఉన్నాయి. కిటికీ పక్కన చేపల తొట్టి ఉంది కానీ, అందులో నీళ్ళు లేవు. ఆరబెట్టి బోర్లించి ఉంది.

“నీ చేపలేవమ్మాయ్?”

“పక్కింటివాళ్ళకి ఇచ్చేశానక్కా. ఇక్కడి తెగులే అక్కడికి వచ్చిందనుకున్నా. ఇవి కూడా నా చేతిలో పోతాయేమోనని.”

చేపలమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

“నీ బంతుల్లో ఏ తెగులూ లేదు. ఆ శనివారం లైటు నేనే ఆర్పలేదు. మేత కూడా నేనే ఎక్కువేశా.”

“మర్చిపోయారా?”

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆ పిల్ల మొహంలో అవునని వినాలన్న ఆశ కూడా ఉంది.

“మర్చిపోలేదు. కావాలనే చేశా. చేప చస్తుందనుకోలేదు. పాచి పడితే చాలనుకున్నా.”

“ఎందుకక్కా?”

“అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారని.”

వంటింట్లో కొళాయి కింద బిందె నిండి పొర్లుతుంటే కౌంటరమ్మాయి వెళ్ళి కట్టేసి వచ్చింది. వచ్చాక కూడా అదే మెత్తటి గొంతుతో అంది.

“నెల రోజులు అడిగినవాళ్ళందరికీ నా తప్పేనని చెప్పుకున్నా. మీరు అక్కడే ఉన్నారు.”

“ఉన్నా.”

“నన్ను ఓదార్చారు కూడా.”

గట్టిగా నాలుగు తిడితే చేపలమ్మకి తేలికయ్యేది. ఆ పిల్ల తిట్టలేదు. “మీరు వెళ్ళండి. మేడమ్ గారికి మీరే చెప్పుకోండి, నేను చెప్పను” అని తలుపు దగ్గరికి నడిచింది. కింద స్కూటరు మీద కూర్చున్న భర్త ఆవిడ మొహం చూసి బండి కదిలించాడు.

సోమవారం ఆసుపత్రి తెరవగానే చేపలమ్మ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి అంతా చెప్పింది. డాక్టరమ్మ చిన్న అద్దం, పట్టకారు వరసలో సర్దుకుంటూ వింది. పద్నాలుగేళ్ళుగా ఇక్కడున్న మనిషివి, నీకు నేనేం చెప్పను అంది. ఈ కడుపుమంట తొట్టితోనే ఆగింది కనుక సరిపోయింది, రోగుల దాకా వచ్చుంటే ఈ గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదని కూడా అంది. ఆ తర్వాత బయటికి వచ్చి, వింటున్న రోగుల ముందే, బంతుల వల్ల ఏ నష్టమూ జరగలేదని, మళ్ళీ తెచ్చి వెయ్యమని కౌంటరమ్మాయికి చెప్పింది. చేప ఎలా పోయిందో చెప్పలేదు. కాని చేపలమ్మ తల వంచుకొని నేల తుడుస్తున్న తీరు చూసి మాస్టారికి అర్థమైనట్టే ఉంది. ఆ శనివారం ఆయన ఇద్దరికీ దూరంగా, గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగో రోజున స్టీలు డబ్బా కౌంటరు అంచు మీదకి వచ్చింది. “మీరే వెయ్యండి. పిండడం నేర్చుకుంటే ఇక నా అవసరం ఉండదు” అంది కౌంటరమ్మాయి, మొహం చూడకుండా. బకెట్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. చేపలమ్మ ఒక బంతి తీసుకొని పిండబోయింది.

“అంత గట్టిగా కాదు. దుప్పట్లు కావివి.”

చేపలమ్మ పట్టు సడలించింది. బంతిలోంచి గోధుమరంగు మురికి పొగలా బకెట్లోకి దిగింది. తను వారం వారం అద్దం మీద గీకిన మురికంతా దీని కడుపులోకి వెళ్ళేదన్నమాట. రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతుంటే చల్లగా, బరువు లేకుండా ఉంది. ఇంత చిన్న దానితోనా నేను పోటీపడింది అనుకుంది. అలా అనుకున్నంత మాత్రాన కడుపు మంట ఆరిందనుకుంటే పొరపాటు. మర్నాడు ఎవరో ముసలావిడ వచ్చి అద్దం భలే ఉందే అని కౌంటరు వైపు చూసి అనగానే, కుంపటి మళ్ళీ చిటపటలాడింది. కాకపోతే ఈసారి ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. వచ్చావా, కూర్చో అని దాన్ని ఒక మూల కూర్చోబెట్టి తన పని చేసుకుంది.

రెండు నెలల పాటు కౌంటరమ్మాయి ఆవిణ్ణి “ఏవండీ” అని పిలిచింది. కూర పంచుకోవడాలు లేవు. ఒకరోజు జ్ఞానదంతం తీయించుకున్న ఒకాయన రక్తం చూసి కళ్ళు తిరిగి కౌంటరు ముందే కూలబడ్డాడు. “అక్కా, ఇటు రండి” అని కేక వినబడింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకొని ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ పిలుపు అప్పటి నుంచి ఒకరోజు ఉండేది, ఇంకోరోజు ఉండేది కాదు. పక్కింటి నుంచి చేపలు ఆ పిల్ల ఇంటికి తిరిగొచ్చాయని మాత్రం మాస్టారి ద్వారా తెలిసింది.

వర్షాలు తగ్గేనాటికి తొట్టి నిండా గప్పీలే. బంతుల చాటున పుట్టినవి పుట్టినట్టు బతికేస్తుంటే పెద్దవాటికి చోటు చాలక, అడిగినవాళ్ళకి సీసాల్లో వేసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక శనివారం, కూతురికి పాలపన్ను తీయించడానికి వచ్చిన తల్లి రెండు చేపలు అడిగింది. చేపలమ్మ వలతో పట్టి సీసాలో వేసింది. కౌంటరమ్మాయి బంతిలోంచి చిన్న ముక్క తుంచి అందులో పడేసింది. అదీ కొన్నేళ్ళకి ఉండ కడుతుందట. సీసా ఎత్తి చూస్తూ ఆ తల్లి, ఇంతకీ ఈ చేపలు ఎవరివని అడిగింది.

“మా ఇద్దరివీనండీ” అంది కౌంటరమ్మాయి.

ఇద్దరివీ ఏమిటి? బంతులంటే నీవి, చేపలు నువ్వు రాకముందు నుంచీ ఇక్కడున్నవే కదా. ఆ మాట చేపలమ్మ నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. సీసా మూత ఇంకాస్త గట్టిగా బిగించబోయి, చేపలకి గాలాడదని గుర్తొచ్చి వదులు చేసి, ఆ తల్లి చేతికిచ్చింది. చిటికెడుకి మించి మేత వెయ్యొద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది.